కవర్ మీద నీలం వెలవెలబోతే

కోర్సు కోసం మ్యూజిక్ మ్యాగజైన్ డిజైన్ చేస్తున్నప్పుడు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది కవర్ రంగే. స్క్రీన్ మీద ధగధగలాడిన స్టేజ్ లైట్ల నీలం ప్రూఫ్ ప్రింట్‌లో, అంటే ముందుగా తీసి చూసుకునే నమూనా ప్రింట్‌లో, వెలవెలబోయింది. స్క్రీన్ వాడే ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వెలుగులో కనిపించే కొన్ని నీలాలు, ప్రింటింగ్‌లో వాడే సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) ఇంకుల్లో అసలు రావు. ఫోటోషాప్‌లో ప్రూఫ్ కలర్స్ ఆన్ చేసి, కాగితం మీద ఎలా వస్తుందో చూసుకుంటూ సరిచేశాను. మెజెంటా తగ్గిస్తే నీలంలో ఊదా ఛాయ పోయింది. గాయని వెనకున్న నలుపును ఇంకా చిక్కగా చేశాక నీలం దానంతటదే పైకి తేలింది. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే! చిన్న అక్షరాలకు మాత్రం నల్ల ఇంకు ఒక్కటే ఉంచాను. నాలుగు ఇంకులూ కలిపితే, ప్రింటింగ్‌లో ఏ రంగు కాస్త పక్కకు జరిగినా అంచులు మసకబారతాయి. ఇక ఫోటోకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), పేజీ చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా అంచు దాటి పొడిగించే భాగం) ఎలాగూ ఉండాల్సిందే.