పన్నెండు బోరు తుపాకీ సాధన – మూడో పాఠం: రెండు చేతుల పని

కిందటి పాఠంలో కాళ్ల సంగతి చూశాం. ఎడమ పాదం ముందు, బరువు సగానికి మించి దాని మీద, మోకాళ్లు బిగుసుకోకుండా. ఈసారి చేతులు. ఇక్కడ రాసేదంతా కుడిచేతివాటం వాళ్లకు. ఎడమచేతివాటం వాళ్లు తిప్పి చదువుకోవాలి.

కనిగిరి, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో లైసెన్సు ఉన్న ఇంట్లో తాతల నాటి డబుల్ బ్యారెల్ ఉంటే, గొట్టాలు పక్కపక్కన, ట్రిగ్గర్లు రెండు ఉండే రకమే అనుకుని చెబుతున్నాం. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నదైతే ముందు విప్పి, తుడిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూడండి. ఈ పాఠానికి నిజం తూటాలు అక్కర్లేదు. అవి వేరే గదిలో, తాళం వేసి ఉండాలి. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ ఊరికే నొక్కితే పాత స్ట్రైకర్లు (తూటాను కొట్టే సూదులు) విరుగుతాయి కాబట్టి రెండు గొట్టాల్లోనూ డమ్మీ తూటాలు పెట్టండి.

కుడిచేయి స్టాక్ (తుపాకీ వెనక చెక్క) మెడ దగ్గర ఉంటుంది. పట్టంతా మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలిదే. సేఫ్టీని (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీటను) ముందుకు తోశాక బొటనవేలు అక్కడే పైన ఉండిపోకూడదు. మెడ చుట్టూ తిప్పి ఎడమ పక్కకు దించాలి. పైనే వదిలేస్తే పేలినప్పుడు తుపాకీ వెనక్కి వచ్చి, గొట్టాలు తెరిచే మీట బొటనవేలి మొదట్లో కోసుకుంటుంది. మధ్యవేలిని ట్రిగ్గర్ గార్డుకు (ట్రిగ్గర్ల చుట్టూ ఉండే కడ్డీకి) ఆనించినా ఇదే గతి. గార్డు వెనక అంచు నేరుగా వేలి కణుపుకు కొడుతుంది. మధ్యలో వేలు మందాన ఖాళీ వదలండి. మధ్యవేలు కమిలిందంటే తప్పు తూటాది కాదు, పట్టు వదులైంది, లేదా చెయ్యి మరీ ముందుకొచ్చింది.

చూపుడువేలు క్లే (గురి కోసం గాల్లోకి ఎగరేసే బిళ్ల) మీద చూపు కుదిరేదాకా గార్డు బయటే, తుపాకీ పక్కన చాచి ఉండాలి. మామూలుగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమ గొట్టానిది. వెనకదానికి మారేటప్పుడు వేలొక్కటే వంచితే చాలదు, చెయ్యి మొత్తం అర అంగుళం వెనక్కి జరగాలి. పాత తుపాకీల్లో స్టాక్ మెడ తిన్నగా ఉండేది ఇందుకే.

ఎడమచేతి విషయంలోనే నేర్చుకునేవాళ్లు ఎక్కువ తడబడతారు. పక్కపక్క గొట్టాల తుపాకీకి కింది చెక్క సన్నగా, పొట్టిగా ఉంటుంది. దాన్ని మాత్రమే పట్టుకుంటే చెయ్యి మరీ దగ్గరై గొట్టం మూతి ఊగుతుంది. అరచెయ్యి కొంచెం ముందుకు జరిపి గొట్టాల కిందే పెట్టి, చూపుడువేలు గొట్టం వెంట చాచండి. మనం దేన్నైనా వేలు పెట్టి చూపించేటప్పుడు లెక్కలు వేయం, అది నేరుగా అటే పోతుంది. ఆ అలవాటునే వాడుకుంటున్నాం. మిగతా వేళ్లు గొట్టాల పైకి ఎక్కి చూపుకు అడ్డం రాకూడదు. మోచెయ్యి వంగి ఉండాలి. నిటారుగా చాస్తే తుపాకీ తిప్పడం మధ్యలో ఆగిపోయి, రవ్వలు (తూటాలోని గుళ్లు) క్లే వెనకగా పోతాయి. ఎంత గట్టిగా పట్టాలంటే, మూతి వణుకుతుంటే అది ఎక్కువ, అంతే. వరసగా కాలిస్తే గొట్టాలు చురుక్కుమంటాయి, పలచని తోలు గ్లవ్ మంచిది.

ఇక రెండు చేతులూ కలిసి లేపడం. పోటీల్లో ట్రాప్‌కైతే (క్లే మన ముందు నుంచి దూరంగా పోయే ఆట) తుపాకీ ముందే భుజానికి ఆనించుకుని క్లే వదలమని అడగవచ్చు. స్కీట్‌లో (క్లే రెండు పక్కల నుంచి అడ్డంగా పోయే ఆట) కుదరదు, క్లే కనపడేదాకా బట్ (స్టాక్ వెనక చివర) జాకెట్ మీద నడుము దగ్గర ఉండే గీత దాటకూడదు. మీకు ట్రాపే ఇష్టమైనా సరే, మా మాట వినండి, స్కీట్ పద్ధతిలో కింది నుంచి లేపడమే నేర్చుకోండి. చేతుల లోపాలన్నీ అక్కడే బయటపడతాయి.

మూతి ముందు క్లే వైపు సాగాలి, స్టాక్ చెంపకు రావాలి, ఆ తర్వాతే బట్ భుజానికి ఆనాలి. తల వంచి స్టాక్ కోసం వెతకొద్దు. ఆ తల పేలే ముందు మళ్లీ లేస్తుంది, లేచిందంటే దెబ్బ క్లే పైగా పోతుంది. కుడి మోచెయ్యి ఒంటికి దాదాపు 45 డిగ్రీలు ఎడంగా ఉంటే భుజంలో బట్ కూర్చునే గుంట ఏర్పడుతుంది. మోచెయ్యి ఒంటికి అతుక్కుంటే ఆ గుంట మూసుకుపోయి బట్ దండచేతి మీదికి జారుతుంది. మర్నాడు కమిలిన మచ్చ ఎక్కడుందో చూసుకుంటే సంగతి తెలిసిపోతుంది.

దీనికి ఇంట్లోనే సాధన ఉంది. కుడి గొట్టంలోని డమ్మీ తూటా తీసేసి, గొట్టంలో పట్టే సన్నటి టార్చికి టేపు చుట్టి, కదలకుండా మూతిలో దూర్చండి. ఈ సాధనలో ట్రిగ్గర్ ముట్టుకోవద్దు. రాత్రి గదిలో దీపం ఆర్పి, గోడా శ్లాబూ కలిసే గీత మీద వెలుగు పడేలా నిలబడండి. బట్ నడుము దగ్గర. ఇప్పుడు ఆ గీత వెంటే వెలుగును ఎడమ నుంచి కుడికి నడిపిస్తూ తుపాకీ చెంపకు తెచ్చుకోండి. కావడిలో ఒక వైపు లేస్తే రెండో వైపు దిగినట్టు, కుడిచేయి తొందరపడి బట్‌ను లేపితే వెలుగు గోడ మీదికి దిగుతుంది. ఎడమచేయి ఎక్కువ లేపితే శ్లాబు మీదికి ఎక్కుతుంది. దాదాపు అందరికీ మొదట దిగుతుంది. కుడిచేతిని మందలించి, ఎడమచేతిని ముందు కదలనివ్వండి. రోజూ పాతికసార్లు, నెమ్మదిగా. చేతులు అలసి వెలుగు చెదరగానే ఆపేయండి. అలసిన చేతులతో చేస్తే తప్పే అలవాటవుతుంది.

రోహిణి కార్తెలో అరచేతులు చెమటతో జారిపోతాయి. నూలు తువ్వాలు దగ్గర పెట్టుకుని ప్రతి రెండు మూడుసార్లకీ తుడుచుకోండి. ఆ చెమట ఉప్పు గొట్టాలకూ అంటుకుంటుంది. కావలి, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో గాలి కూడా తోడై, వేలిముద్రలు పడ్డచోటే తుప్పు మొదలవుతుంది. సాధన అయిన వెంటనే నూనె గుడ్డతో గొట్టాలు తుడిచి పెట్టండి.

వెలుగు వరసగా పదిసార్లు గీత తప్పకుండా నడిచాకే నాలుగో పాఠానికి రండి. అందులో ఏ కన్ను బలమైనదో తేల్చుకోవడం, రెండు కళ్లూ తెరిచి క్లే వెంట పోవడం.