విశాఖలో ఉండి అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను అనుసరించడం ఎలా

సీనియర్ల ఫుట్‌బాల్ ప్రపంచకప్ చూసే అలవాటుతోనే అండర్-17 ప్రపంచకప్ ముందు కూర్చుంటే రెండో రోజుకే ఆసక్తి తగ్గిపోతుంది. ఆటగాళ్లలో తెలిసిన పేరు ఒక్కటీ ఉండదు, ఒకే సాయంత్రం అనేక మ్యాచ్‌లు జరుగుతాయి, ఏ జట్టు ఎందుకు ముందుకు వెళ్లిందో చివరి దాకా అర్థం కాదు. అందువల్ల ఈ టోర్నీని చూడదలచినవారు ముందుగా కొంత సిద్ధపడాలి, ఆ సన్నాహాన్ని పుట్టిన తేదీలతో మొదలుపెట్టడం మేలు.

2025 టోర్నీలో ఆడేందుకు 2008 జనవరి 1న గానీ, ఆ తరువాత గానీ పుట్టి ఉండాలన్నది నిబంధన. ఇప్పుడు టోర్నీ ఏటా జరుగుతున్నది కనుక ఈ గడువు కూడా ఏటా ఒక సంవత్సరం ముందుకు జరుగుతుంది. జట్ల జాబితా విడుదల కాగానే మీరు చూడబోయే జట్టు ఆటగాళ్ల పుట్టిన నెలలను ఒక కాగితం మీద రాసుకోండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపించడం ఈ వయోవిభాగంలో మామూలే, ఎందుకంటే ఆ వయసులో పది నెలల తేడా ఎత్తులోనూ బలంలోనూ స్పష్టంగా బయటపడుతుంది. కాబట్టి నవంబరులోనో డిసెంబరులోనో పుట్టి కూడా జట్టులో స్థానం సంపాదించిన కుర్రవాడు ఉంటే అతనిని ప్రత్యేకంగా గమనించండి. దేహబలం తక్కువైనా ఎంపికయ్యాడంటే, చాలావరకు బంతి అందకముందే చుట్టూ చూసుకునే అలవాటో, తొలి స్పర్శలోని నేర్పో కారణమై ఉంటుంది.

తరువాతి పని మ్యాచ్‌లను ఎంచుకోవడం. 2025లో ఖతార్‌లో 48 జట్లు 12 గ్రూపులుగా ఆడాయి. గ్రూపు దశలోనే 72 మ్యాచ్‌లు, మొత్తం మీద 104 మ్యాచ్‌లు జరిగాయి. రోజుకు ఎనిమిది మ్యాచ్‌లను ఎవరూ చూడలేరు, చూడనవసరమూ లేదు. ఒకటి రెండు గ్రూపులను మాత్రమే ఎంచుకుని వాటిని పూర్తిగా చూడటం అన్నిటినీ ముక్కలు ముక్కలుగా చూడటం కంటే ఎంతో మంచిది. 2029 వరకు ఆతిథ్యం ఖతార్‌దే, అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. దోహాలో మధ్యాహ్నం మూడున్నరకు మొదలయ్యే ఆట విశాఖలో సాయంత్రం ఆరింటికి వస్తుంది కనుక ఆర్కే బీచ్ ఇసుకలో ఆడుకుని ఇంటికి చేరిన పిల్లలతో కలిసి చూడవచ్చు. ప్రపంచకప్ ఫుట్‌బాల్ కోసం తెల్లవారుజాము దాకా మేలుకొన్నవారికి ఇదొక ఊరటే.

గ్రూపు దశలో అసలు ఆసక్తి మూడో స్థానాల దగ్గర ఉంటుంది. ప్రతి గ్రూపు నుంచి మొదటి రెండు జట్లతోపాటు, మూడో స్థానంలో నిలిచిన 12 జట్లలో మెరుగైన ఎనిమిది కూడా నాకౌట్‌కు చేరతాయి. ఈ 12 జట్లకు విడిగా ఒక పట్టిక గీసుకుని పాయింట్లు, గోల్ తేడా (చేసిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేయగా మిగిలేది), చేసిన గోల్స్ అనే మూడు గళ్లు పెట్టండి. పోలిక కూడా ఆ వరుసలోనే జరుగుతుంది. ఉదాహరణకు ఒక జట్టు 1-0తో గెలిచి, 0-5తోనూ 0-1తోనూ ఓడిందనుకుందాం. మరొకటి 2-0తో గెలిచి, 0-1తోనూ 1-2తోనూ ఓడింది. రెండింటికీ మూడేసి పాయింట్లే గానీ మొదటిదాని గోల్ తేడా మైనస్ ఐదు, రెండోదానిది సున్నా. ఈ లెక్క తెలిసినవారికి 0-3తో వెనుకబడిన జట్టు ఆఖరి పది నిమిషాల్లో రక్షణకు దిగడం పిరికితనంగా కనిపించదు. గ్రూపులన్నీ ఒకే రోజు ముగియవు, అందువల్ల ముందు ఆట ముగించిన జట్టు హోటల్లో కూర్చుని ఇతరుల ఫలితాల కోసం ఎదురుచూస్తుంది, చివరి గ్రూపుల వారికేమో ఎన్ని గోల్స్ కావాలో ముందే తెలుస్తుంది. ఇది పూర్తిగా న్యాయమని నేననుకోను.

నాకౌట్‌లో 90 నిమిషాలకు స్కోరు సమమైతే అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీ షూటౌట్ ఉంటుంది, కనుక ఆ సమయంలో టీవీ ముందు నుంచి లేవకండి. 2025లో మరో కొత్త పద్ధతి కూడా కనిపించింది. రిఫరీ నిర్ణయంపై అభ్యంతరం ఉన్న కోచ్ వేలిని గాలిలో గుండ్రంగా తిప్పి, నాలుగో రిఫరీకి ఒక కార్డు అందిస్తాడు. అప్పుడు రిఫరీ తానే తెర దగ్గరకు వెళ్లి దృశ్యాన్ని చూస్తాడు. ఒక్కో జట్టుకు రెండు అవకాశాలే, అభ్యంతరం నెగ్గితే ఆ అవకాశం మిగిలే ఉంటుంది. క్రికెట్‌లో రివ్యూలు చూసి పెరిగిన మన పిల్లలకు దీన్ని వివరించనవసరం ఉండదు.

భారత్ 2017లో ఆతిథ్య దేశంగా ఈ టోర్నీ ఆడింది. అక్టోబరు 9న ఢిల్లీలో కొలంబియాపై జీక్సన్ సింగ్ తలతో చేసినది ఫిఫా టోర్నీలో మన దేశపు తొలి గోల్. మైదానంలో ఆడి అర్హత పొందాలంటే ఆసియా అండర్-17 కప్‌లో క్వార్టర్ ఫైనల్ చేరాలి. 2025 నవంబరు 30న అహ్మదాబాద్‌లో ఇరాన్‌ను 2-1తో ఓడించి మన కుర్రవాళ్లు 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. కనుక ప్రపంచకప్‌తోపాటు ఆసియా కప్ తేదీలను కూడా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలున్న తల్లిదండ్రులు మరొక పని కూడా చేయాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రంలోని తేదీ, ఆధార్‌లోని తేదీ, బడిలో వేయించిన తేదీ ఒకటేనా అని ఇప్పుడే సరిచూసుకోండి. బడిలో చేర్చేటప్పుడు వయసు అటూ ఇటూ చేసి రాయించడం మన దగ్గర పాత అలవాటు. ఫిఫా మాత్రం 2009 నైజీరియా టోర్నీ నుంచి ఎడమ మణికట్టుకు ఎంఆర్ఐ తీయించి, అక్కడి ఎముక ఎదుగుదల పూర్తయిందో లేదో చూస్తోంది. తేదీల్లో తేడా కనిపిస్తే జిల్లా ఎంపికల నోటీసు వచ్చేదాకా ఆగకుండా ముందే సవరణకు దరఖాస్తు చేయండి.