ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

ఒంగోలులో మా వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు వినపడే మాట ఒకటే: "వైరస్ పట్టుంటది, ఫార్మాట్ కొట్టిద్దాం." పోయిన వేసవిలో మా పిన్ని కొడుకు అదే నమ్మి సిస్టమ్ మోసుకెళ్లి ఒక షాపులో ఇచ్చాడు. ఫార్మాట్ కొట్టి, అంటే డిస్క్ మొత్తం తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించి పంపారు. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ పోయాయి, పది రోజులకి అదే జబ్బు తిరిగొచ్చింది. జబ్బు విండోస్‌లో కాదు, హార్డ్ డిస్క్‌లో ఉంది. ఆ సంగతి తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని ఒక చిన్న ప్రోగ్రామ్, రెండు నిమిషాల టైమ్ చాలు.

మన వైపు నా చేతికొచ్చిన కేసుల్లో వైరస్ కంటే కరెంటు, దుమ్ము, ఎండ, ముసలి హార్డ్ డిస్క్, ఈ నాలుగే ఎక్కువ. కాబట్టి గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్దాం.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

అదే సాకెట్లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. నవ్వకండి, ఇక్కడే తేలిపోయినవి చాలా ఉన్నాయి. సాకెట్ బాగుంటే యూపీఎస్‌ని పక్కనపెట్టి సిస్టమ్‌ని నేరుగా గోడకి పెట్టండి. అప్పుడు లేచిందంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయినట్టే. మామూలుగా అది రెండు మూడేళ్లకి మించి రాదు. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్‌కి (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బాకి) ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఇల్లు దులిపేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అవుతుంటుంది, అదీ చూడండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి వదిలి, మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ అయితే మానిటర్ కేబుల్ ఆ కార్డుకే ఉందా, పొరపాటున మదర్‌బోర్డుకి (లోపలి ప్రధాన బోర్డుకి) పెట్టారా చూడండి. అది సరిగ్గానే ఉండి, లోపలినుంచి బీప్ బీప్ అంటుంటే అనుమానం ర్యామ్ (సిస్టమ్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ పట్టీ) మీదే. కొత్తపట్నం సముద్రం వైపు ఇళ్లలో ఇది తరచూ చూస్తాను. ఉప్పుగాలికి, తేమకి ర్యామ్ కాంటాక్టుల మీద కంటికి ఆనని మకిలి పేరుకుంటుంది.

ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి. క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, ర్యామ్ తీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు గీతల్ని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. పొడి దులిపేసి, స్లాట్ చివరి క్లిప్పు టక్ మనేదాకా నొక్కండి. రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏది పోయిందో తెలుస్తుంది. పని చేస్తూ మధ్యమధ్య నీలిరంగు తెర పడుతుంటే మెమ్‌టెస్ట్86 అనే ఉచిత పరీక్షని పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపండి. ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్ మార్చాల్సిందే.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది

దీన్ని చాలామంది జబ్బుగానే చూడరు. "కంప్యూటరన్నాక అంతేలే" అని చెప్పులేసుకుని కూర్చుంటారు. కారణం ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటుని శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి లీకేజీని ఎర్తు వైరులోకి పంపుతాయి. ఆ వైరు ఎక్కడికీ పోకుండా ఆగిపోతే క్యాబినెట్ ఇనుము మీద దాదాపు 115 వోల్టులు, అంటే మన 230లో సగం, నిలబడుతుంది. కరెంటు స్వల్పమే గానీ, ఎస్‌ఎంపీఎస్ చెడి అసలు ఫేజే తగిలిన రోజున ఆదుకునేది ఆ ఎర్తు ఒక్కటే.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ చూపించమనండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంతుందో ఇంచుమించు అంతే రావాలి. మీరు సొంతంగా వేలు పెట్టకండి. ఎర్తు గుంత ఉన్న ఇళ్లలో కూడా ఎండాకాలం ఈ బాధ మొదలవుతుంది, ఎందుకంటే మట్టి ఎండిపోతే కరెంటుని లోపలికి తీసుకోదు. వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తే సగం గొడవ పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చే అలవాటు మాత్రం దయచేసి మానేయండి.

మధ్యాహ్నం పూట దానంతటదే ఆఫ్ అవుతోంది

పొద్దున బాగానే ఉండి, రోహిణి కార్తె ఎండకి రెండింటికల్లా ఆగిపోతుందంటే వేడే కారణం. హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ప్రాసెసర్ వేడిని అంకెల్లో చూపిస్తుంది. ఊరికే ఉన్నప్పుడు 40, 50 డిగ్రీలు, పని పెట్టినప్పుడు 80 లోపు ఉంటే భయం లేదు. 95 దాటుతోందంటే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే సిస్టమే ఆగిపోతుంది.

చీమకుర్తిలో మా బావ వాళ్లింట్లో ఒక క్యాబినెట్ విప్పాను. ఆ ఊరి గ్రానైట్‌కి దేశదేశాల్లో పేరు, ఆ దుమ్ము మాత్రం అక్కడే ఉంటుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య బూడిదరంగు అట్ట కట్టింది, దాని వెనక బల్లిగుడ్లు కూడా ఉన్నాయి. మెత్తటి పెయింటు బ్రష్షు, బ్లోయర్ చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. నాలుగైదేళ్లుగా విప్పని సిస్టమ్ అయితే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్టు కూడా ఎండిపోయి ఉంటుంది, బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి.

ఆన్ అవ్వడానికే పది నిమిషాలు

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకపోయినా డిస్క్ దగ్గర 100 శాతం అని ఎప్పుడూ వెలుగుతుంటే, పిన్ని కొడుకు కేసే మీదీ కావచ్చు. మొదట్లో చెప్పిన ఉచిత ప్రోగ్రామ్ ఇదే, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, వేసి చూడండి. నీలం రంగులో గుడ్ అంటే పర్వాలేదు. పసుపులో కాషన్ అని వస్తే, ముఖ్యంగా 05, సీ5 వరసల చివర సున్నాలు కాకుండా వేరే అంకెలుంటే, డిస్క్ చెడిపోవడం మొదలైందని అర్థం.

అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, ఫైళ్లు బయటికి కాపీ చేసుకోవడం. చెక్ డిస్క్ (విండోస్‌లోని డిస్క్ పరీక్ష) నడపడం, ఫార్మాట్ కొట్టడం లాంటివేవీ అంతకు ముందు చేయొద్దు. ఆయాసపడే మనిషిని పరుగెత్తించినట్టు ఉంటుంది. విండోస్ తెరుచుకోకపోయినా ఫర్వాలేదు. వేరే సిస్టమ్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఒక పెన్‌డ్రైవ్ మీద విండోస్‌కి బదులు వాడే లినక్స్ మింట్ ఎక్కించి, దాన్నుంచి బూట్ చేస్తే, అంటే సిస్టమ్‌ని దాంతో లేపితే, మామూలుగా మీ ఫోల్డర్లు కనపడతాయి. రెండూ ఉచితమే. తరవాత పాత డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించుకోండి. పాత సిస్టమ్‌కి పెట్టే డబ్బులో ఇంతకంటే గిట్టుబాటు ఖర్చు నాకు తెలీదు.

డిస్క్ మంచిదే అయితే టాస్క్ మేనేజర్లోనే స్టార్టప్ అనే చోట అక్కర్లేనివన్నీ డిసేబుల్ చేయండి. యాంటీవైరస్ రెండుంటే ఒకటి తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటికి సరిపోతుంది.

ఏ సైట్ తెరిచినా "సురక్షితం కాదు" అంటోంది

కుడివైపు కింద తేదీ చూడండి. ఏ 2015లోనో ఉంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సైట్ల సర్టిఫికెట్లకి గడువు తేదీలుంటాయి, మీ సిస్టమ్ పాత కాలంలో ఉంటే అవేవీ చెల్లవు. వాచీలు బాగుచేసే బడ్డీ కొట్లో కూడా దొరికే బిళ్ల అది. దీనిక్కూడా ఫార్మాట్ కొట్టినవాళ్లున్నారు!

పెన్‌డ్రైవ్‌లో అన్నీ షార్ట్‌కట్లే

జిరాక్స్ షాపుకి వెళ్లొచ్చాక ఫైళ్లు మాయమై షార్ట్‌కట్లు మిగిలితే, ఇది నిజంగానే వైరస్. అయినా ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి. షార్ట్‌కట్‌ని నొక్కకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, రక్షిత సిస్టమ్ ఫైళ్లని దాచే టిక్కు తీసేయండి. పేరు లేని ఫోల్డర్ ఒకటి కనపడుతుంది, చాలాసార్లు మీ సరుకంతా అందులోనే ఉంటుంది. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం బయటికి తీసుకుని, డిఫెండర్‌తో స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టండి. ఇక్కడ కొట్టొచ్చు.

డీటీపీ సెంటర్లో చేయించిన పెళ్లి కార్డు ఇంట్లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు కనపడటం వైరస్ కాదు. అది అను ఫాంట్లలో టైపు చేసింది, మీ సిస్టమ్‌లో ఆ ఫాంటు లేదు, అంతే. పీడీఎఫ్ చేసి ఇమ్మని అడగండి. మార్పులు చేసుకోవాలంటే యూనికోడ్‌లోకి (ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే తెలుగులోకి) మార్పించుకోండి.

"మీ కంప్యూటర్ లాకయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి"

అలారం మోగినా, ఎర్రగా మెరిసినా అది ఒక వెబ్ పేజీ మాత్రమే. టాస్క్ మేనేజర్లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేసి, తరవాత బ్రౌజర్ సెట్టింగుల్లో తెలియని సైట్ల నోటిఫికేషన్లు ఆపేయండి. ఫోన్ మాత్రం చేయొద్దు. చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసి డబ్బు పోగొట్టుకుంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఫార్మాటే దిక్కనుకుంటే, అదీ ఇంట్లోనే అవుతుంది. ముందు సెట్టింగుల్లో రీసెట్ దిస్ పీసీ అని ఉంటుంది, అందులో ఫైళ్లు ఉంచే దారి ఎంచుకోండి. కుదరకపోతే విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, కాబట్టి మీ సిస్టమ్‌కి పడితే విండోస్ 11 వేయండి. అదే సిస్టమ్‌లో ఇదివరకు అసలు విండోస్ ఉండి ఉంటే కీ అడిగినప్పుడు దాటేయొచ్చు, నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. కాపీ చేసుకునేటప్పుడు డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటాయని గుర్తుంచుకోండి. కొట్టు లెక్కలు ట్యాలీలో రాసుకునేవాళ్లు దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి.