ఫ్లైట్ ఎక్కనియ్యకపోతే లొల్లి పెట్టకుర్రి, ముందు ఇది చెయ్యుర్రి

వరంగల్, హన్మకొండ నుంచి శంషాబాద్ పోయి ఫ్లైట్ ఎక్కేటోళ్లకు ఒక ముచ్చట చెప్తా. మొన్న మా బావ ఢిల్లీ పోదామని టైంకే పోయిండు, కౌంటర్ కాడ ఫ్లైట్ నిండింది సీటు లేదన్నరు, కన్ఫర్మ్ టికెట్ చేతిలనే ఉంది, మనిషికి బీపీ లేచి కౌంటర్ మీద చెయ్యి కొట్టబోయిండు, అక్క భుజం పట్టి ఆపింది, మంచిగైంది. ఎందుకంటే ఒర్లుడు, తిట్టుడు కూడా డీజీసీఏ (విమానాలకు రూల్స్ పెట్టే కేంద్ర సర్కారు ఆఫీసు) 2017 రూల్స్‌ల లెవల్ 1 కింద వస్తది, 3 నెలల దాకా బ్యాన్ చెయ్యొచ్చు, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా. తప్పు వాళ్లదైనా మన మీదికే తిరుగుతది.

గట్ల కాకుండ మెల్లగ అడుగుర్రి, ఎందుకు ఎక్కనిస్తలేరో కాయిదం మీద రాసియ్యుర్రి అని. మా బావ గిట్ల అడగంగనే సూపర్‌వైజర్ వచ్చి సాయంత్రం ఫ్లైట్ల సీటిచ్చిండు, తర్వాత పైసలు గూడ పడ్డయి. ఓవర్‌బుకింగ్ (సీట్ల కన్న ఎక్కువ టికెట్లు అమ్ముడు) అయితే, మన ఫ్లైట్ టైం నుంచి గంటలోపల పోయే వేరే ఫ్లైట్ ఇస్తే పైసలేం రావు, 24 గంటల లోపలైతే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జి కలిపి దానికి డబుల్, 10,000 దాకా, అంతకన్న లేటైతే 4 రెట్లు, 20,000 దాకా. గానీ మనం టైంకు వచ్చినట్టు రుజువుండాలె, లైన్ల నిలబడంగనే పైన బోర్డు మీద టైం కనపడేటట్టు ఒక ఫోటో కొట్టుకోర్రి.

దేశం లోపలి ఫ్లైట్లకు చెక్ ఇన్ మామూలుగ గంట ముందే బంద్ చేస్తరు. అందుకే ఘట్‌కేసర్ కాడనే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కుర్రి, ఉప్పల్ దిక్కు పోతే ట్రాఫిక్‌ల ఇరుక్కుంటరు.