గడియారం చూసి పాలు మాన్పించకండి

మా పాప 2.9 కిలోలతో పుట్టింది. నాలుగో రోజుకు 2.68కి దిగింది. నెల్లూరు నుంచి చెన్నై పెరంబూరులోని మా ఇంటికి వచ్చిన అమ్మ ఆ అంకె చూసి కన్నీళ్లు పెట్టుకుంది. మొదటి రోజుల్లో ఏడెనిమిది శాతం తగ్గడం మామూలే. పది దాటితే డాక్టరుకు వెంటనే చూపించాలి. రెండు వారాలకు మా పాప 2.92కి వచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాతే. మరో పద్నాలుగు రోజుల్లో పెరిగింది 190 గ్రాములు. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ప్రసవమైన చోట ఒక నర్సు ఒక్కో వైపు పది నిమిషాలు పాలు పట్టమంది. నేను ఫోనులో టైము చూస్తూ, పాప ఇంకా తాగుతుండగానే వైపు మార్చేదాన్ని. పాలలో కొవ్వు రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ పెరుగుతుంది. పైగా ఎంత తాగితే అంత ఊరతాయి. సగంలో ఆపితే ఊరడమూ తగ్గుతుంది. "నీ పాలు పలచన" అన్న పక్కింటామె మాట నమ్మకండి. పట్టిన ప్రతిసారీ మొదట వచ్చే పాలు అందరికీ నీళ్లలాగే ఉంటాయి.

కాబట్టి ఒక వైపు పట్టి, పాప తనంతట తాను వదిలేదాకా ఆగండి. నోరు బాగా తెరిచి, గడ్డం రొమ్ముకు తాకుతూ, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. మీకు నొప్పిగా ఉందంటే పట్టు సరిగా లేదన్నమాట. తీసి మళ్లీ పట్టించండి. మింగడం తగ్గి చప్పరింపే మిగిలినప్పుడు రొమ్మును చేత్తో మెల్లగా నొక్కి ఉంచితే మళ్లీ గుటకలు వినిపిస్తాయి. త్రేనుపు తెప్పించాక రెండో వైపు ఇవ్వండి. వద్దంటే వదిలేయండి, మరుసటిసారి అక్కడ మొదలుపెట్టండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రాత్రులు కూడా. నిద్రమత్తులో ఉంటే బట్టలు విప్పి లేపండి. ఇలా చేసిన వారానికి మా పాప 3.11 నుంచి 3.32 అయింది. ఆ రోజు అమ్మ, నేను ఇద్దరం ఏడ్చాం.

చెన్నై ఎండలకు నీళ్లు పట్టమని చెప్పేవారు చాలామంది ఉంటారు. ఆరు నెలలు నిండేదాకా చుక్క కూడా వద్దు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. దాహం మీది, నీళ్లు మీరు తాగండి. బాలింత పథ్యమంటూ కడుపు మాడ్చుకోవద్దు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలి. పాలలో విటమిన్ బి12 తల్లి ఆహారాన్ని బట్టే ఉంటుంది. శాకాహారులు డాక్టరును అడిగి మాత్రలు వేసుకోవాలి.

బరువు వారానికొకసారి, అదే యంత్రం మీద, బట్టలు లేకుండా తూచండి. తల్లీబిడ్డల కార్డులోని ఎదుగుదల గీతలో గుర్తు పెట్టండి. ఆ గీతలకు ఆధారమైన, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాలు భారత్‌తో సహా ఆరు దేశాల్లో తల్లిపాలు తాగిన పిల్లల్ని చూసి తయారు చేసినవి. ఆడపిల్లకు, మగపిల్లవాడికి గీతలు వేరు. పక్కింటి డబ్బాపాల బిడ్డతో పోల్చకండి. మీ పాప గీత తన దారిలో పైకి సాగుతుంటే చాలు.

వారం దాటాక రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం పోసినా, పాలు తాగడానికి లేవకుండా మత్తుగా పడి ఉన్నా, మరో వారం ఆగకండి. అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్లండి.