దెబ్బ కాచుకున్నాడా, తిప్పికొట్టాడా: సరైన క్రియను ఎంచుకోవడం

కథలో ఒకరు కత్తి దూసి, మరొకరు ఆ వేటు నుంచి బయటపడే చోట చాలామంది రచయితలు ఆలోచించకుండా రాసే మాట ‘తిప్పికొట్టు’. ఈ క్రియను రాసే ముందు, వచ్చిన దెబ్బ చివరికి ఏమైందో తేల్చుకోవాలి. ‘తిప్పికొట్టు’లో కొట్టడం కూడా ఉంది కనుక, దాడికి దిగినవాడు వెనక్కి తగ్గాడనో, వాడికే దెబ్బ తగిలిందనో పాఠకుడు అనుకుంటాడు. ఒంటి మీద పడకుండా చూసుకోవడంతోనే ఆ కదలిక ముగిస్తే ‘కాచుకొను’ తగిన మాట, ‘కాచుకో!’ అని హెచ్చరించి మరీ కత్తి ఎత్తే నాటకాల వీరుడి నోట ఉన్నదీ ఇదే. పక్కకు ఒరిగి బయటపడితే ‘తప్పించుకొను’ చాలు.

‘కాచుకొను’తో ఒక చిక్కు ఉంది. పొంచి ఉండడం, ఎదురుచూడడం కూడా దాని అర్థాలే. ‘శత్రువు కోసం కాచుకున్నాడు’ అంటే మాటు వేశాడని, ‘శత్రువు వేటును కాచుకున్నాడు’ అంటే దెబ్బ తగలనీయలేదని. అందువల్ల దేనిని కాచుకున్నాడో విభక్తితో సహా రాయాలి, వీలైతే దేనితో కాచుకున్నాడో కూడా చెప్పాలి: ‘మెడ మీదికి వచ్చిన వేటును డాలొడ్డి కాచుకున్నాడు.’ ‘డాలుతో’ అన్నా తప్పు లేదు గాని, ‘ఒడ్డి’ అన్నప్పుడు ముందుకు చాచిన చేయి కనబడుతుంది.

పురాణ యుద్ధాల పద్ధతి వేరు. ఎదుటివాడి బాణాన్ని నడిమధ్యనే తన బాణంతో తుంచడం, ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రాన్ని, నాగాస్త్రానికి గరుడాస్త్రాన్ని ప్రయోగించడం అక్కడ పరిపాటి కనుక ‘తుంచు’, ‘ఖండించు’, ‘వారించు’ చక్కగా ఇముడుతాయి. ‘వారించు’ను నేటి కథలోకి తెస్తే మాత్రం ఎవరో పెద్దమనిషి వద్దని ఆపినట్టు వినిపిస్తుంది.

మాటల దాడిలోనూ ఈ తేడాలు నిలుస్తాయి. ‘విమర్శలను తిప్పికొట్టారు’ అన్న వార్తాశీర్షిక కింద చాలాసార్లు ఉండేది ఒట్టి ఖండన మాత్రమే. ‘ఇంత ఆలస్యమైందేం?’ అని అడిగినప్పుడు ‘పిల్లలు పడుకున్నారా?’ అంటే మాట దాటవేయడం, ‘దారిలో బండి ఆగిపోయింది’ అంటే కాచుకోవడం, ‘నిన్న నువ్వెన్నింటికి వచ్చావు?’ అంటే తిప్పికొట్టడం. సంభాషణే ఇంత చెబుతున్నప్పుడు పక్కన ఆ క్రియను మళ్లీ రాయకుండా ‘అన్నాడు’తో సరిపెట్టడం మేలు.