పాత కంప్యూటర్‌లోని విండోస్‌ను కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్‌గా నడపడం ఎలా?

శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేసే చిన్న ప్రెస్సుల్లో ఇప్పటికీ ఒక పాత కంప్యూటర్ మూలన పనిచేస్తూ ఉంటుంది. అందులో విండోస్ 7, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు ఉంటాయి. అను ఫాంట్లలో కొట్టిన పాఠం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి) కాదు కనుక, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలును తెరిస్తే తెలుగుకు బదులు పొంతనలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. అందువల్ల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే సరిపోదు. ఫాంట్లు, కీబోర్డు అమరికలు, సాఫ్ట్‌వేర్లతో సహా మొత్తం ఇన్‌స్టలేషన్‌నే తరలించాలి. హార్డ్ డిస్క్ మొత్తాన్ని ఒక ఫైలుగా మార్చి, కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ ద్వారా నడపడం దీనికి అనువైన మార్గం. వర్చువల్‌బాక్స్ అన్నది ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్. డిస్కును ఫైలుగా మార్చడం సులువే. ఆ ఫైలులోని విండోస్ కొత్త చోట బూట్ అయ్యేలా చూడడంలోనే అసలు పని ఉంది.

పాత కంప్యూటర్‌ను సిద్ధం చేయడం

ముందుగా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, డిస్కు పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని వాల్యూమ్స్ ట్యాబ్‌లో పార్టిషన్ స్టైల్ (డిస్కును భాగాలుగా విభజించిన పద్ధతి) ఎంబీఆర్ అని ఉందో జీపీటీ అని ఉందో కాగితం మీద రాసుకోండి. వర్చువల్ మెషీన్‌లో ఒక టిక్కు పెట్టాలా వద్దా అన్నది దీన్ని బట్టే తేలుతుంది. అలాగే విండోస్ 32 బిట్లదో 64 బిట్లదో చూసుకోండి. డిస్కులోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ వాడుతున్నట్లయితే దాన్ని పూర్తిగా తీసివేయండి. డిస్కులో లోపాలేమైనా ఉన్నాయేమో ఎర్రర్ చెకింగ్‌తో ఒకసారి పరీక్షించడం కూడా అవసరం, ఎందుకంటే పాడైన డిస్కును కాపీ చేస్తే పాడైన కాపీయే వస్తుంది.

తరువాతి పని చాలామంది వదిలేస్తారు, ఆనక నీలి తెర చూసి కంగారుపడతారు. విండోస్ 7 తాను ఇన్‌స్టాల్ అయిన రోజున ఏ డిస్క్ కంట్రోలర్ (డిస్కును కంప్యూటర్‌తో కలిపే భాగం) ఉందో దానికి కావలసిన డ్రైవర్‌ను మాత్రమే బూట్ సమయంలో ఎక్కించుకునేలా అమర్చుకుంటుంది. వర్చువల్ మెషీన్‌లో కంట్రోలర్ వేరేది కావడంతో అది తన డిస్కును తానే గుర్తుపట్టలేక ఆగిపోతుంది. దీన్ని ముందే నివారించడానికి రెజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ వరుసలో వెళ్లి, ఎంఎస్ఏహెచ్‌సీఐ (msahci) అన్న కీలో స్టార్ట్ విలువ 3 ఉంటే దాన్ని 0 చేయండి. మార్చే ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. విండోస్ 10లో ఈ ఇబ్బంది సాధారణంగా ఎదురుకాదు.

డిస్కును ఫైలుగా మార్చడం

మైక్రోసాఫ్ట్‌వారి సిస్‌ఇంటర్నల్స్ పరికరాల్లో డిస్క్2వీహెచ్‌డీ అన్న చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. విండోస్ నడుస్తుండగానే, షాడో కాపీ (వాడుకలో ఉన్న ఫైళ్లను కూడా ఆ క్షణంలో ఉన్నట్టే పట్టి ఉంచే విండోస్ సదుపాయం) సహాయంతో, అది డిస్కును ఫైలుగా రాస్తుంది. ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. దాన్ని తెరిచి యూజ్ వీహెచ్‌డీఎక్స్ దగ్గర టిక్కు తీసివేయండి, ఎందుకంటే వర్చువల్‌బాక్స్‌కు పాత వీహెచ్‌డీ పద్ధతే బాగా సరిపోతుంది. షాడో కాపీ టిక్కును మాత్రం అలాగే ఉంచండి. జాబితాలో సీ డ్రైవ్‌తో పాటు, పేరులేని 100 ఎంబీల సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగం కనిపిస్తే దానికి కూడా టిక్కు పెట్టండి. చూడటానికి పనికిమాలినదిగా కనిపించినా, బూట్‌కు కావలసిన ఫైళ్లు ఉండేది అందులోనే. అది లేకపోతే మిగిలినదంతా ఉన్నా యంత్రం లేవదు.

ఫైలును యూఎస్‌బీ హార్డ్ డిస్కులోకి రాయండి. ఆ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీల కంటే పెద్ద ఫైలును పట్టదు కనుక అది ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. పని పూర్తయ్యాక ఆ వీహెచ్‌డీని అదే పాత కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. రెండు డిస్కులకూ ఒకే సంతకం (విండోస్ డిస్కును గుర్తుపట్టే సంఖ్య) ఉండడం వల్ల విండోస్ ఒకదాని సంతకాన్ని మార్చివేస్తుంది, ఆపైన ఆ కాపీ బూట్ కాకపోవచ్చు.

కొత్త కంప్యూటర్‌లో

కొత్త కంప్యూటర్‌లో ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉండాలి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి. ఫైలును ముందుగా దాని సొంత డిస్కులోకి కాపీ చేసుకుని, వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ సృష్టించి, సరైన విండోస్ రకాన్ని ఎంచుకోండి. మెమరీ 2 నుంచి 4 జీబీలు చాలు. హార్డ్ డిస్క్ అడిగినప్పుడు కొత్తది సృష్టించకుండా, ఉన్న డిస్క్ ఫైలును వాడమని చెప్పి మీ వీహెచ్‌డీని చూపండి. పాత డిస్కు జీపీటీ అయితేనే సిస్టమ్ అమరికల్లో ఈఎఫ్ఐకి (బయోస్‌కు బదులు వచ్చిన కొత్త బూట్ పద్ధతి) టిక్కు పెట్టండి. ఎంబీఆర్ అయితే పెట్టకండి. స్టోరేజ్‌లో డిస్కు సాటా కంట్రోలర్ కింద ఉండేలా చూడండి. నెట్‌వర్క్ కేబుల్ టిక్కును ప్రస్తుతానికి తీసివేయండి. వీటన్నిటి తరువాత, మొదటిసారి నడపకముందే, ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, అంటే తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి మెషీన్ ఇప్పటి స్థితిని దాచుకోండి.

మొదటి బూట్ నిదానంగా సాగుతుంది. విండోస్ కొత్త పరికరాలను ఒక్కొక్కటిగా గుర్తించి రెండుమూడుసార్లు రీస్టార్ట్ కోరవచ్చు. నీలి తెర మీద చివరన 7బీ అన్న సంఖ్య కనిపిస్తే అది కంట్రోలర్ సమస్యే: మెషీన్‌ను ఆపి, డిస్కును సాటా నుంచి తీసి ఐడీఈ కంట్రోలర్ కింద పెట్టి చూడండి. నల్ల తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుమంటూ ఉంటే ఈఎఫ్ఐ టిక్కు తారుమారై ఉంటుంది, లేదా ఆ 100 ఎంబీల భాగం కాపీలోకి రాలేదని అర్థం. బూట్ అయ్యాక వర్చువల్‌బాక్స్‌వారి గెస్ట్ అడిషన్స్ అన్న డ్రైవర్లను లోపలి విండోస్‌లో ఇన్‌స్టాల్ చేస్తే తెర పూర్తి పరిమాణంలోకి వస్తుంది, షేర్డ్ ఫోల్డర్ ద్వారా ఫైళ్లను ఇటూ అటూ పంపుకోవచ్చు. ఒక చిన్న చిక్కు ఉంది: కుడివైపు కంట్రోల్ కీని వర్చువల్‌బాక్స్ తనకోసం అట్టిపెట్టుకుంటుంది. టైపింగ్‌లో ఆ కీ వాడే అలవాటున్నవారు ప్రిఫరెన్సెస్‌లో దాన్ని మార్చుకోవాలి.

యంత్రం మారిందని గ్రహించి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ కంప్యూటర్‌కే పరిమితం. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును తరలించుకోవచ్చు. యూఎస్‌బీ డాంగిల్‌తో (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళంచెవి లాంటి పరికరం) నడిచే సాఫ్ట్‌వేర్లకు, ఆ పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు అందించే యూఎస్‌బీ ఫిల్టర్ పెట్టి ప్రయత్నించవచ్చు గానీ, పాత ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిళ్ల మీద ఆశ పెట్టుకోకండి. విండోస్ 7కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి కనుక దాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా షేర్డ్ ఫోల్డర్‌తోనే పని గడుపుకోవడం మేలని నా అభిప్రాయం.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది అసలు వీహెచ్‌డీ మీద ఆధారపడే ఉంటుంది. అందుకని మెషీన్‌ను షట్‌డౌన్ చేసి, దాని ఫోల్డర్‌తో పాటు వీహెచ్‌డీని కూడా మరో డిస్కులోకి కాపీ చేసుకోండి. పాత శుభలేఖ ఫైలు ఒకటి తెరిచి, పెళ్లికూతురి పేరు మార్చి, ఒత్తులు, గుణింతాలు సరిగా పడ్డాయో లేదో ప్రింట్ తీసి చూసుకునేదాకా పాత కంప్యూటర్ డిస్కును చెరపకండి.